వీధి పిల్లి ఇంట్లో తిష్ట వేస్తే ఏం చేయాలి?

రెండు రోజులు గుమ్మం దగ్గర కూర్చుంది, మూడో రోజు మీ పిల్లి గిన్నెలోనే మూతి పెట్టింది. ఇక అది వెళ్లేలా లేదు. ఉంచుకోవాలా వద్దా అన్నది తర్వాత, ముందు రెండింటినీ విడదీయండి.

మొదట చెవులు చూడండి. ఒక చెవి కొస కత్తిరించినట్టు ఉంటే, దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి ఉండొచ్చు. మెడకు పట్టీ ఉన్నా, మనుషుల్ని చూసి బెదరకపోయినా ఎవరిదో తప్పిపోయిన పిల్లేమో, చుట్టుపక్కల అడగండి.

తర్వాత దాన్ని విడిగా ఓ గదిలో పెట్టి తలుపేయండి. బాత్రూమ్ అయినా చాలు. తిండి, నీళ్లు, మలమూత్రాలకు మట్టి పోసిన ట్రే, దాక్కోవడానికి ఓ అట్టపెట్టె ఉంచి కనీసం రెండు వారాలు ఆగండి. అతిగా అనిపిస్తుంది గానీ, పిల్లుల్లో వచ్చే పాన్‌ల్యూకోపీనియా వైరస్ గిన్నెల మీదా గుడ్డల మీదా నెలల తరబడి బతుకుతుంది. టీకా పడని పిల్లికి ఆ జబ్బు వస్తే బతకడం కష్టం. అందుకే కొత్తదాన్ని ముట్టుకున్న చేతులు కడుక్కున్నాకే పాతదాన్ని ఎత్తుకోండి. ఈలోపు డాక్టర్‌కి చూపించి పరీక్షలు, టీకాలు, నులిపురుగుల మందు పూర్తి చేయించండి. ఒంటి మీద పురుగులున్నాయని కుక్కకు వాడే మందు మాత్రం రాయొద్దు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి విషమే.

పరిచయం కళ్లతో కాదు, వాసనతో మొదలవ్వాలి. మెత్తటి గుడ్డతో కొత్త పిల్లి బుగ్గలు తుడిచి, ఆ గుడ్డను మీ పిల్లి తినే చోట పెట్టండి. మొదటిరోజు ముక్కు ముడిచి పక్కకు పోతుంది. నాలుగో రోజు దాని మీదే కూర్చోవచ్చు! అప్పుడు మూసిన తలుపుకు అటొకటి, ఇటొకటి గిన్నెలు పెట్టి, రోజూ కొంచెం దగ్గరకు జరపండి. ఆ తర్వాతే తలుపు సందులోంచి చూపులు, చివర్లో పది నిమిషాలు ఒకే గదిలో. కుక్క ఉంటే దానికి గొలుసు వేసి పట్టుకోండి.

బుస కొడితే టెన్షన్ పడక్కర్లేదు, అది "దగ్గరకు రాకు" అని చెప్పడమే. చెవులు వెనక్కి నొక్కి, రెప్ప వేయకుండా చూస్తుంటే మాత్రం మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి, చెయ్యి కాదు. మిమ్మల్ని కరిచినా గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

ట్రేలు పిల్లుల కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. ఆపరేషన్ వాయిదా వేయొద్దు, ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు.

బయటే పెరిగి పెద్దయిన పిల్లి ఎన్నాళ్లకీ మాలిమి కాకపోవచ్చు. అలాంటిదాన్ని బలవంతంగా గదిలో ఉంచకండి. ఆపరేషన్ చేయించి వదిలేసి, రోజూ ఒకే వేళకు బయటే తిండి పెట్టండి. అరగంటయ్యాక గిన్నె తీసేయండి, లేదంటే ఇంకో పిల్లి కూడా వచ్చి చేరుతుంది.