బ్రేకులు మార్చాక పెడల్ మెత్తగా దిగుతోందా? ఇలా సరిచేయండి

కారుకి పెద్ద డిస్కులు, వాటికి ప్యాడ్లని అదిమే పెద్ద కాలిపర్లు వేయిస్తారు. అరకు ఘాట్‌లోనో శ్రీశైలం దారిలోనో ఇక నిశ్చింతగా దిగొచ్చనుకుంటారు. తీరా కాలు పెడితే పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది. గ్యారేజీలో అడిగితే ఒకటే మాట: "ఆయిల్‌లో గాలి ఉంది సార్, తీసేద్దాం." లీటరు ఆయిల్ పోస్తారు, మర్నాడు ఇంకో లీటరు. పెడల్ మాత్రం అలాగే ఉంటుంది. నిజంగా గాలే ఉన్నా, దాన్ని తీసే పద్ధతి తప్పైతే పీపా ఆయిల్ పోసినా లాభం లేదు. ఈ పని పూర్తయ్యేదాకా బండి రోడ్డెక్కకూడదు.

కావాల్సినవి

జాకీ, స్టాండ్లు, కాలిపర్ మీద గాలి వదిలే నిపుల్‌కి సరిగ్గా పట్టే రింగు పానా, లోపల ఏం పోతోందో కనిపించే ప్లాస్టిక్ గొట్టం, ఒక సీసా, చెప్పింది చెప్పినట్టు చేసే తోడు మనిషి. బ్రేక్ ఆయిల్ సీలు తీయనిదే ఉండాలి, డాట్ 4 రకం. నిరుడు తెరిచి మూత పెట్టిన డబ్బా వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో అయితే అసలే వద్దు, ఆ ఆయిల్ గాలిలో తేమని పీల్చేస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. డాట్ 5 పేరుతో దొరికేది సిలికాన్ ఆయిల్, దాన్ని ఇందులో కలపకండి. రంగు మీద ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ముందు కాలితో పరీక్ష

ఇంజను ఆపి పెడల్‌ని వెంటవెంటనే నాలుగైదు సార్లు తొక్కండి. తొక్కేకొద్దీ పైకి లేస్తే లోపల గాలైనా ఉంది, ప్యాడ్లకీ డిస్కుకీ మధ్యో, షూలకీ డ్రమ్ముకీ మధ్యో సందైనా ఎక్కువుంది. ఏదో తేల్చుకోవాలంటే హ్యాండ్ బ్రేక్ లాగి మళ్లీ తొక్కండి. అప్పుడు పెడల్ ఎత్తుగా, గట్టిగా తగిలితే వెనక డ్రమ్ముల్లో షూలు వదులుగా ఉన్నట్టు. షూలు సర్దితే సరిపోతుంది, ఆయిల్ జోలికి పోనక్కర్లేదు. ముందు చక్రాల బ్రేకులు మార్చినవాళ్లెవరూ వెనక డ్రమ్ము వైపు చూడరు, అందుకే దీన్ని మొదట చెబుతున్నాను.

పెడల్ మీద కాలు అదిమి పట్టుకుంటే మెల్లగా దిగుతూనే ఉందా? ఎక్కడో కారుతోంది. బయట ఎక్కడా తడి లేకపోతే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌లో సీళ్లు పోయినట్టే. ఇంజను స్టార్ట్ చేసిన క్షణంలో పెడల్ కాస్త దిగి ఆగడం మాత్రం కాలి బలాన్ని పెంచే బూస్టర్ పని, అది లోపం కాదు.

కాస్త దూరం నడిపాక మొదటి తొక్కుకి కిందికి పోయి, రెండో తొక్కుకి బాగుంటే డిస్కు ఊగుతోంది. హబ్ మీద తుప్పు గీకకుండా కొత్త డిస్కు బిగించి ఉంటారు, లేదా బేరింగ్ వదులైంది.

నిపుల్ ఎటు ఉంది?

గాలి ఎప్పుడూ పైకే పోతుంది. అందుకే నిపుల్ కాలిపర్‌లో అన్నిటికన్నా పైన ఉండాలి. ఎడమ కాలిపర్‌ని కుడి చక్రానికి బిగిస్తే అన్ని బోల్టులూ చక్కగా కూర్చుంటాయి, నిపుల్ మాత్రం కిందికి వస్తుంది. ఇక ఎన్ని లీటర్లు పోసినా పైన చిక్కిన గాలి కదలదు. వేరే మోడల్ కాలిపర్లు బ్రాకెట్ మీద వేస్తే నిపుల్ పక్కకి వాలుతుంది కూడా. అలాంటప్పుడు కాలిపర్ బోల్టులు విప్పి, నిపుల్ నిటారుగా పైకి వచ్చేలా పట్టుకుని గాలి తీయాలి. ప్యాడ్ల మధ్య డిస్కు మందం చెక్క ముక్క పెట్టడం మర్చిపోవద్దు. అది లేకుండా పెడల్ తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

గాలి తీయడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. పెడల్‌ని దబదబా కొట్టకూడదు. అలా కొడితే ఒక్క పెద్ద బుడగ, మజ్జిగ చిలికినట్టు, వేల చిన్న బుడగలై ఆయిల్‌లో కలిసిపోతుంది. ఇప్పటికే కొట్టి ఉంటే పని ఆపి కొన్ని గంటలు బండిని వదిలేయండి.

పెడల్ కింద చెక్క దిమ్మ పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే మేర నున్నగా ఉంటుంది, ఆ తర్వాతి భాగంలో మురికీ తుప్పూ ఉంటాయి. పెడల్‌ని నేలకి తొక్కితే సీళ్లు అక్కడ గీసుకుని పోతాయి. గాలి తీయించాకే బ్రేకులు పోయాయని వచ్చే బండ్లలో చాలావాటి కథ ఇదే.

గొట్టం ఒక కొన నిపుల్‌కి తొడిగి, రెండో కొన సీసాలోని ఆయిల్‌లో మునిగేలా ఉంచండి. "తొక్కు" అంటే తోడు మనిషి నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. మీరు నిపుల్‌ని పావు చుట్టు వదిలి, ఆయిల్ రాగానే బిగించాలి. బిగించాకే "వదులు" అనాలి. ఒక్కసారి ముందు వదిలినా గాలి వెనక్కి వెళ్తుంది, మొదటికొస్తారు. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ సగానికి దిగనివ్వద్దు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ బండి మాన్యువల్ చెబుతుంది. అందులో లేకపోతే మాస్టర్ సిలిండర్‌కి దూరపు చక్రంతో మొదలుపెట్టండి.

వాక్యూమ్ పంపుతో లాగేవాళ్లని నేను దగ్గరికి రానివ్వను. నిపుల్ మరచుట్ల సందుల్లోంచి బయటి గాలి కూడా గొట్టంలోకి వస్తుంది, బుడగలు ఎప్పటికీ ఆగవు, లోపల శుభ్రమైందో లేదో తేలదు. ఇద్దరు మనుషులు, నెమ్మదైన కాలు: దీన్ని మించిన పద్ధతి లేదు.

ఇంకా మెత్తగానే ఉంటే

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. ఆ యూనిట్‌లో గాలి చేరితే స్కానర్ పెట్టి లోపలి పంపు తిప్పాల్సిందే.

అదీ కాకపోతే లెక్క వేయండి. కాలిపర్‌లో 48 మి.మీ. పిస్టన్ స్థానంలో 54 మి.మీ. వేస్తే ఆయిల్ 27 శాతం ఎక్కువ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంత పంపాలంటే పెడల్ ఎక్కువ దిగక తప్పదు. మాస్టర్ సిలిండర్‌ని 20.64 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) నుంచి 22.22కి మారిస్తే పెడల్ పైకొస్తుంది, కాలి బలం కాస్త ఎక్కువ పెట్టాలి. కాలిపర్లు కొనేముందే ఈ లెక్క చెప్పని దుకాణంలో కొనకండి. పాత రబ్బరు హోసులుంటే అవీ మార్చండి, తొక్కినప్పుడు ఉబ్బుతాయి.

చివరగా ఖాళీ మైదానంలో తక్కువ వేగంలో బ్రేకు చూసుకోండి. ఆ తర్వాత నిర్మానుష్యమైన రోడ్డు మీద 60 నుంచి 20 కి.మీ.కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు తగ్గించి ప్యాడ్లని డిస్కుకి సర్దుకోనివ్వండి. చల్లారాక ప్రతి నిపుల్, ప్రతి హోసు బోల్టు చుట్టూ పొడి కాగితం తిప్పండి. తడి కనిపిస్తే రాగి వాషర్లు మార్చి, ఆ చక్రానికి మళ్లీ గాలి తీయండి.