ఉరుముల కాలానికి ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చేవారికి జాగ్రత్తలు

ఎండాకాలం చివర్లో ఈదురుగాలులు మొదలైతే కరెంటు పోవడం, రావడం, వచ్చిన నిమిషానికే మళ్లీ పోవడం మామూలే. కంప్యూటర్‌లో ఆ దెబ్బ ముందుగా తగిలేది ఎస్‌ఎంపీఎస్‌కే, అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు కావాల్సిన తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే డబ్బాకే. గేమ్ ఆడుతుంటేనో వీడియో ఎడిట్ చేస్తుంటేనో మెషీన్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతున్నా, పవర్ బటన్ రెండు మూడుసార్లు నొక్కితే గానీ ఆన్ కాకపోయినా దాన్ని అనుమానించాలి. కొనే ముందు ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి, ప్రాసెసర్ ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులపండి, వెనుక పవర్ కార్డ్ వదులుగా ఉందేమో చూడండి. ఇవే లక్షణాలు వాటి వల్ల కూడా వస్తాయి. కమురు వాసన వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, వెంటనే గోడ స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి.

షాపులో పెట్టె మీది పెద్ద అంకెను నమ్మకండి. ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న లేబుల్‌లో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చదవండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ముఖ్యంగా ఆ లైన్ మీదే బతుకుతాయి. చవక రకంలో 450 వాట్లని రాసి, ఆ గడిలో 16 ఆంపియర్లే ఉండొచ్చు. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు, మీకు నిజంగా పనికొచ్చేది అంతే. అదే నికరమైన 450 వాట్ల దానిలో 36 ఆంపియర్ల దాకా ఉంటుంది. 12 వోల్టుల గడులు రెండుంటే వాటిని కూడేయకూడదు, రెండింటికీ కలిపి ఇచ్చిన గరిష్ఠ వాట్లు చూడాలి.

లెక్క ఇలా వేసుకోండి. ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్‌ది 170. మదర్‌బోర్డ్, డిస్కులు, ఫ్యాన్లకు 50 వేసుకుంటే 340 దగ్గర తేలుతుంది. అయినా ఆ కార్డ్‌కు దాని కంపెనీ ఎన్‌విడియా సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ఎందుకంటే కార్డ్ క్షణకాలం పాటు తన లెక్క కంటే బాగా ఎక్కువ లాగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే నాణ్యమైన 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది.

ఇన్‌పుట్ గడి కూడా చూడండి. 200–240 వోల్టులని ఉన్నది, పొలాల్లో మోటార్లు నడిచే వేళ వోల్టేజీ బాగా పడిపోతే ఆగిపోతుంది. లో వోల్టేజీ ఉన్న ఊళ్లలో 100–240 ఉన్నదే కొనాలి. పాత రకాల వెనుక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది 230 వైపే ఉండాలి. 115 మీద పెట్టి మన కరెంటు ఇస్తే టప్పున పేలుతుంది. డెల్, హెచ్‌పీ రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి మదర్‌బోర్డ్ కనెక్టర్ వేరుగా ఉంటుంది. పాతది విప్పి పిన్నులు లెక్కపెట్టి, 24 ఉన్నాయని తేలాకే షాపుల్లో దొరికే మామూలు రకం (ఏటీఎక్స్) కొనండి.

బిగించే రోజు షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి. మిగిలిన ఛార్జ్ చాలావరకు దిగిపోతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. లోపల ఛార్జ్ నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం తీయగలదు. వైర్లున్న తీరును ఫోన్‌తో ఫొటో తీసుకున్నాక కనెక్టర్ల గొళ్లెం నొక్కి, కనెక్టర్‌నే పట్టుకుని లాగండి. వెనుకనున్న నాలుగు స్క్రూలు విప్పేటప్పుడు రెండో చేత్తో డబ్బాను కింద నుంచి పట్టుకోకపోతే అది మదర్‌బోర్డ్ మీద పడొచ్చు.

పాత కేబుళ్లు కేబినెట్‌లో చక్కగా సర్ది ఉన్నాయి కదా అని వాటినే కొత్త దానికి గుచ్చకండి. విడిగా ఊడొచ్చే కేబుళ్లలో ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే హార్డ్‌డిస్క్ అక్కడికక్కడే కాలిపోతుంది, అందులోని ఫొటోలూ పోతాయి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నులది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డ్‌ది ఆరూ రెండుగా. చూపుకి ఒకేలా ఉంటాయి, కానీ ఒకదానికి ప్లస్ ఉన్నచోట రెండోదానికి గ్రౌండ్ ఉంటుంది. దూరకపోతే బలవంతం చేయకండి. ప్రతిదీ టక్‌మని గొళ్లెం పడేదాకా నొక్కాలి, సగం దిగిన కనెక్టర్ వేడెక్కి కరుగుతుంది.

ఆన్ చేశాక బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్ తెరలో) 12 వోల్టుల లైన్ 11.4కూ 12.6కూ మధ్య, 5 వోల్టులది 4.75కూ 5.25కూ మధ్య ఉన్నాయో లేదో చూడండి.

కేబినెట్ ఇనుము ముట్టుకుంటే జిల్లుమంటోందా? తప్పు చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, ప్లగ్ పాయింట్‌లో ఎర్తింగ్ లేదు. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కారే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోయే దారి లేక కేబినెట్‌లో నిలుస్తుంది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ దాదాపు ఒకటే ఉండాలి. ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించండి. ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించండి. మూడో పిన్ విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం మాత్రం వద్దు.

600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే అది చేతులెత్తేయొచ్చు. స్పైక్ గార్డ్ చిన్న ఎగుడుదిగుళ్లకే, దగ్గర్లో పడే పిడుగును ఆపలేదు. ఆకాశం మబ్బు పట్టి ఉరుములు ఇంకా మొదలవకముందే పవర్ ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ ల్యాన్ వైరు కూడా తీసేయండి, పిడుగు ఆ దారినా వస్తుంది. ఉరుములు మొదలయ్యాక వైర్లను ముట్టుకోకండి.