పీహెచ్‌డీలో చేరే ముందు గైడ్ గురించి ఆరా తీయడం ఎలా

నోటిఫికేషన్ పడగానే అందరూ టాపిక్ కోసం బుర్ర బద్దలు కొట్టుకుంటారు. టాపిక్ ఎలాగూ మారుతుంది, గైడ్ మారడు. వైజాగ్‌లో ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) చేరినా, రుషికొండలో గీతం యూనివర్సిటీలో చేరినా ఇదే మాట, రాబోయే నాలుగైదేళ్లు మీ సంతకాలు, సెలవులు, సగం నిద్ర ఆయన చేతిలోనో ఆవిడ చేతిలోనో ఉంటాయి కాబట్టి ముందు అక్కడ ఆరా తీయండి.

మొదటి పని ఇంట్లో కూర్చునే అయిపోతుంది. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్ తెరిచి గైడ్ పేరు కొడితే ఆ చేతి కింద పూర్తయిన థీసిస్‌లు వస్తాయి. అన్నీ అప్‌లోడ్ అయి ఉండకపోవచ్చు గానీ ఉన్నవి చాలు. రిజిస్టర్ అయిన తేదీ, పూర్తయిన తేదీ ఇచ్చి ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6, ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2 ఏళ్లు దొరుకుతాయి (మహిళలకు మరో 2 ఏళ్ల సడలింపు ఉంది). ఒకరిద్దరు ఆలస్యమైతే వాళ్ల ఇబ్బందులేవో ఉంటాయి, వరసపెట్టి అందరూ ఎక్స్‌టెన్షన్‌లోనే తేలారంటే తేడా ఎక్కడుందో మీకే తెలుస్తుంది. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ కూడా వదలొద్దు. గైడ్‌కి ఒక్క లైను, ల్యాబ్ అటెండర్‌కి అర పేజీ రాశారంటే ఇంకేం చెప్పాలి!

సీటు లెక్క కూడా అడగండి. ఒకేసారి ప్రొఫెసర్‌కి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4 దాకానే స్కాలర్లు ఉండాలి. రిటైర్మెంట్‌కి 3 ఏళ్ల లోపు సర్వీసు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు, "చూద్దాంలే అమ్మా" అన్నా సరే.

అసలు సమాచారం మాత్రం ఇప్పుడున్న స్కాలర్ల దగ్గర దొరుకుతుంది. ల్యాబ్‌లో అడిగితే ఎవరూ నోరు విప్పరు, టీకి బయటికి తీసుకెళ్లండి. "సార్ మంచోరేనా?" అంటే ఎవరైనా మంచోరే అంటారు, అలా అడగొద్దు. "అన్నా, మీరు లాస్ట్ ఇచ్చిన డ్రాఫ్ట్ ఎన్నాళ్లకి తిరిగొచ్చింది?" అనండి. "రీసెర్చ్ పేపర్లో మొదటి పేరు ఎవరిది పడుతుంది? కెమికల్స్ ఎవరి డబ్బుతో కొంటున్నారు? సార్ ఇంటి పనులు, పిల్లల స్కూల్ అడ్మిషన్లు ఎవరు చూస్తున్నారు?" ఇలా అడిగితే జవాబు రాకపోయినా మొహంలో కనబడుతుంది. అమ్మాయిలైతే అక్కడున్న అక్కలతో విడిగా మాట్లాడి, రాత్రి ల్యాబ్‌లో ఉండాల్సొస్తే ఎలా అనేది తప్పకుండా తెలుసుకోండి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి తెచ్చుకునే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. ఒక్కోసారి నెలల తరబడి పడదు, మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. ప్రాజెక్టు ఫెలోషిప్ అంటే ఆ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో కాగితం చూసి మరీ తెలుసుకోండి. నెట్‌లో జేఆర్ఎఫ్ రాకుండా పీహెచ్‌డీ అడ్మిషన్‌కే క్వాలిఫై అయితే ఆ మార్కులు ఏడాదే చెల్లుతాయి.

చివరిగా ల్యాబ్ చూపించమని అడగండి. వైజాగ్ ఉప్పుగాలికి, ఉక్కపోతకి పరికరాలు ఊరికే పాడవుతాయి, కాబట్టి పట్టించుకునే మనిషి ఉన్నారా లేదా అన్నది చూడగానే తెలిసిపోతుంది. డెసికేటర్లో (తేమ తగలకుండా వస్తువులు దాచే గాజు పాత్ర) నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ తేమ పీల్చి గులాబీ రంగుకి తిరిగి అలాగే పడి ఉందా? తూకం వేసే బ్యాలెన్స్ పక్కన లాగ్‌బుక్కులో ఆఖరి ఎంట్రీ ఏ నెలది? బయాలజీ, మెరైన్ వాళ్లయితే ఫ్రీజర్ దగ్గర ఇంకాసేపు ఆగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంట్ లేదు, ఫ్రీజర్లో శాంపిల్స్ పెట్టుకున్నవాళ్ల టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఏటా అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల కాలమే. అందుకని జనరేటర్ లైన్ ఉందా అని అడగండి, ఉందంటే ఫ్రీజర్ ప్లగ్ ఆ లైన్‌కే పెట్టి ఉందేమో మీ కళ్లతో చూసుకోండి.