వడ్రంగి సంఘం నడపడం – 4వ పాఠం: కబురు చేరిందని ఎప్పుడు అనుకోవాలి?

గత పాఠంలో రసీదు పుస్తకం, సభ్యత్వ రుసుము గురించి చెప్పుకున్నాం. దాని చివర ఒక అభ్యాసం ఇచ్చాను: సభ్యుల జాబితా ముందేసుకుని, గడిచిన ఆరు నెలల్లో సంఘం గది వైపు ఒక్కసారైనా రానివారి పేర్ల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టమన్నాను. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, ఈ పాఠమంతా ఆ చుక్కల గురించే. అవి సగానికి మించి ఉంటే సిగ్గుపడవలసిన పనిలేదు. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నా జాబితా సంక్రాంతి ముగ్గుకు చుక్కలు పెట్టిన వాకిలిలా కనిపించింది.

నా తప్పుతో మొదలుపెడతాను

2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, కేంద్ర ప్రభుత్వం చేతివృత్తులవారికి సాయపడే పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. అందులో చేర్చిన 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. అప్పుడు నేను మా పట్టణ సంఘానికి కార్యదర్శిని. ఆ వారంలోనే పథకం వివరాలున్న పీడీఎఫ్‌ను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, దాని కింద ‘అర్హులైన సభ్యులందరూ వినియోగించుకోగలరు’ అని ఒక వాక్యం రాసి, నా బాధ్యత తీరిందనుకున్నాను. చూసినవారి జాబితాలో చాలా పేర్లు కనిపించేసరికి తృప్తి కూడా కలిగింది.

నెల తిరిగాక ఒక సామిల్లు దగ్గర, కోతకు దించిన టేకు దుంగల మీద కూర్చున్న పెద్దాయన ఒకరు నన్ను పిలిచి, “సంఘం సంఘం అంటావు గానీ బాబూ, పదిహేను వేలు ఇస్తున్నారటగా, మాకొక్క మాటైనా చెప్పలేదే” అన్నారు. ఆయన నంబరు గ్రూపులో ఉంది, కానీ ఆ నంబరున్న ఫోను పొద్దున్నే ఆయన కొడుకుతో కాలేజీకి వెళ్తుంది. ఆయన పక్కనున్నవారు పీడీఎఫ్‌ను చూశారు, చదవలేదు. చదివిన ఒకాయన ఆ 15,000 రూపాయలు చేతికి నగదుగా వస్తాయనుకున్నారు; అవి పనిముట్లు కొనుక్కోవడానికి ఇచ్చే ఈ-వోచరు రూపంలో వస్తాయి. నన్ను ఎక్కువ బాధపెట్టినది మాత్రం ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు అన్నదమ్ముల సంగతి. కుటుంబానికి ఒకరికే పథకం వర్తిస్తుందని ఎవరో చెప్పగా విని, తమ్ముడికి అడ్డు రాకూడదని అన్న దరఖాస్తు చేయడం మానుకున్నాడు. పథకం లెక్కలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు మాత్రమే. ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి కాబట్టి ఒకరికొకరు అడ్డు కానే కారు.

ఈ నాలుగు పొరపాట్లలో ఒక్కటి కూడా నాకు నెల రోజుల దాకా తెలియలేదు. చెప్పవలసింది నేను చెప్పాను; చెప్పిన మాటను వాళ్లు ఎలా విన్నారో తిరిగి తెలుసుకునే దారి ఏర్పాటు చేసుకోకపోవడం నా తప్పు. అప్పటినుంచి నేను పాటిస్తున్న కొలత ఒకటే: సభ్యుడి నోటి నుంచి ఒక మాట వెనక్కి వచ్చేదాకా కబురు చేరలేదనే లెక్క. ఆ మాట ప్రశ్న కావచ్చు, విసుగు కావచ్చు, ‘నాకక్కర్లేదు’ అన్నా సరే.

జాబితాను మళ్లీ గీయడం

అక్షర క్రమంలో రాసిన జాబితా చందా వసూలుకు పనికొస్తుంది గానీ, మనిషిని పట్టుకోవడానికి పనికిరాదు. అందుకని కొత్త పుస్తకంలో సభ్యులను వాళ్లు పొద్దున ఎక్కడ దొరుకుతారన్న దాన్ని బట్టి పేజీలుగా విడదీయండి: అడ్డా మీద నిలబడేవారు, సామిల్లు చుట్టుపక్కల పనిచేసేవారు, సొంత షెడ్డు ఉన్నవారు, ఫర్నిచరు దుకాణాలకు పీసు లెక్కన చేసేవారు, అపార్టుమెంట్లలో ఇంటీరియర్ పని చేసేవారు, సెంట్రింగ్ పనివారు. సెంట్రింగ్ వారిని వడ్రంగులుగా లెక్కపెట్టని సంఘాలు కొన్ని ఉన్నాయి. అది పొరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే కూలి ఎగవేత, ప్రమాదాలు వాళ్లకే ఎక్కువగా ఎదురవుతాయి, సంఘం అవసరమూ వాళ్లకే ఎక్కువ.

ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఫోను నంబరు రాశాక, ఆ ఫోను నిజంగా ఎవరి చేతిలో ఉంటుందో కూడా రాయండి. తరవాత ఆయన తెలుగు చదువుతారా, వినడమే సుఖమా అన్నది రాయండి. ఈ ప్రశ్న నలుగురిలో అడగకూడదు. “మెసేజ్ పెట్టమంటారా, మాట రికార్డు చేసి పంపమంటారా?” అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. హైదరాబాదు వంటి చోట్ల ఇంటీరియర్ పనిలో ఉత్తరప్రదేశ్, బిహార్, రాజస్థాన్‌ల నుంచి వచ్చిన వడ్రంగులు చాలామంది కాబట్టి, అక్కడి సంఘాలు భాషకు కూడా ఒక గడి వదలాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1881 ఆగస్టులో అమెరికాలోని షికాగో నగరంలో వడ్రంగుల జాతీయ సంఘం ఏర్పడింది. ఆ సభ జరగడానికి కొన్ని నెలల ముందే దాని నిర్మాతలలో ముఖ్యుడైన పీటర్ మెగ్వైర్ వడ్రంగుల కోసం ఒక పత్రిక మొదలుపెట్టాడు, అందులో జర్మనీ నుంచి వలస వచ్చిన పనివారి కోసం జర్మన్ భాషలో కూడా పేజీలు వేసేవారు. సంఘం కంటే ముందు కబురు పుట్టింది, అదీ వినేవారి భాషలో పుట్టింది.

చివరి గడిలో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు ఉందో లేదో, ఉంటే దాని రెన్యూవల్ తేదీ ఎప్పుడో రాయండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, అంతకు ముందరి పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసిన వడ్రంగి ఇందులో నమోదు కావచ్చు. కార్డు గడువు దాటిన సంగతి ప్రమాదం జరిగాక తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే గడువుకు రెండు నెలల ముందు సంఘం నుంచి ఫోను వెళ్లాలి. ‘సంఘం వల్ల నాకేంటి’ అనే సభ్యుడికి ఆ ఒక్క ఫోనే సమాధానం చెబుతుంది.

పదిమందికి ఒకరు

కార్యదర్శి ఒక్కడే రెండు వందల మందితో మాట్లాడలేడు. ప్రతి పేజీ నుంచి పదిమందికి ఒకరి చొప్పున ఒక మనిషిని ఎంచుకోండి. మా దగ్గర వాళ్లను కబురు మనుషులు అంటాం. మాటకారి కానక్కర్లేదు, నాయకుడు అసలే కాకూడదు. టీ కొట్టు దగ్గర నలుగురూ ఎవరి పక్కన కూర్చుంటారో ఆయన చాలు. ఆయనకు ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చి, ప్రతి కబురుకు మూడు గడులు గీసివ్వండి: చెప్పాను, దొరకలేదు, ఏమన్నాడు.

మొదటి రెండు గడులు అందరూ నింపుతారు. మూడోది నింపించడమే కష్టం, అసలు విషయం అందులోనే ఉంటుంది. మొదట్లో మావాళ్లు ఆ గడిలో ‘సరే అన్నాడు’ అని వరుసగా పదిసార్లు రాసి తెచ్చేవారు. అది సమాధానం కాదు, మర్యాద. దాంతో కబురు చెప్పే పద్ధతి మార్చాం. ఏ కబురైనా చివర జవాబు చెప్పక తప్పని ఒక ప్రశ్నతో ముగియాలని నియమం పెట్టుకున్నాం. ‘కార్డు రెన్యూవల్ చేయించుకోండి’ అనడానికి బదులు ‘మీ కార్డు మీద ఏ నెల ఉంది?’ అని అడగాలి. వచ్చే వారం పుస్తకాల్లో ‘కార్డు పెట్టెలో ఉంది, చూసి చెబుతాడట’, ‘బావమరిది దగ్గర ఇరుక్కుంది’, ‘అసలు తీసుకోలేదు, సిగ్గుపడి చెప్పలేదు’ వంటి మాటలు వచ్చాయి. ఆ మూడో మనిషి రెండేళ్లుగా మా సభ్యుడే.

వాట్సాప్ విషయం క్లుప్తంగా చెబుతాను. గ్రూపు ఉండనివ్వండి, కానీ అందులో పండగ శుభాకాంక్షలు, పార్టీల వీడియోలు వద్దని మొదటి రోజే గట్టిగా చెప్పండి. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో పంపితే, మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుందని గుర్తుంచుకోండి. గొంతు సందేశం నిమిషం దాటకూడదు. కోత మిషను మోగుతున్నప్పుడు ఎవరూ వినరు కాబట్టి పని మొదలు కాకముందు, లేదా భోజనాల వేళ పంపండి.

నోటీసు రాయడం

మన సంఘాల నోటీసులు ఎక్కువగా ఈ మూసలో ఉంటాయి:

‘ఇందుమూలముగా సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా, మన సంఘ సర్వసభ్య సమావేశము జరుగును. కావున సభ్యులందరూ తప్పక హాజరై జయప్రదం చేయవలసినదిగా కోరడమైనది. చర్చనీయాంశములు: వివిధ అంశములు.’

దీనిని చిత్రిక పట్టి చూడండి. ‘ఇందుమూలముగా’ మొదలు ‘ఏమనగా’ దాకా తీసేస్తే నష్టం లేదు. ‘జయప్రదం చేయవలసినదిగా’ అన్నది బహిరంగ సభ మాట, అక్కడికి వెళ్లేవాడు ప్రేక్షకుడు. ‘వివిధ అంశములు’ అన్న మాట అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే నిర్ణయాలు ముందే అయిపోయాయి, మీరు వచ్చి తల ఊపితే చాలు అని అది చెప్పకనే చెబుతుంది. ఇప్పుడు అదే సభకు రాసిన ఇంకో నోటీసు చూడండి (అంకెలు నమూనాకు వేసినవి, మీ ఊరివి వేసుకోండి):

‘15వ తేదీ, అమావాస్య. ఉదయం 10 నుంచి 11.30 వరకు. సంఘం గదిలో.
తేల్చవలసింది ఒక్కటే: టేకు తలుపు బిగింపునకు కూలి ఎంత అడగాలి? ఇప్పుడు ఊళ్లో 900 నుంచి 1,400 దాకా ఎవరికి తోచింది వారు తీసుకుంటున్నారు. 1,200కు తగ్గవద్దని కొందరు, తాళం, గడియల పని వేరుగా లెక్కగట్టాలని కొందరు అంటున్నారు.
రాలేనివారు 13లోగా మీ అంకె కబురు మనిషికి చెప్పండి. సభలో చదువుతాం.’

ముగింపు వేళ రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎప్పుడు వదులుతారో తెలియని సభకు ఇంటి పనులు పెట్టుకున్న మనిషి రాడు. చెప్పిన వేళకు ముగించకపోతే రెండోసారి నోటీసును నమ్మడు. రాలేనివారి అంకెలను సభలో తప్పకుండా చదవాలి. అధ్యక్షుడి అభిప్రాయానికి విరుద్ధంగా ఉన్నవాటిని ముందు చదివితే ఇంకా మంచిది.

సభకు అమావాస్యే ఎందుకంటే, మన ప్రాంతంలో వడ్రంగులు, తాపీ పనివారు ఆ రోజు పని ముట్టరు. ఆదివారం పెడితే ఇంటీరియర్ వారికి కుదరదు. ఇంటి యజమానులు ఖాళీగా ఉండి పని చూసుకునేది ఆ రోజే కదా. అయితే ఇతర రాష్ట్రాల వారికి అమావాస్య పట్టింపు లేకపోవచ్చు కాబట్టి, వాళ్లున్న సైటుకే సాయంత్రం ఇద్దరు వెళ్లి అదే ప్రశ్న అడిగి రావాలి.

లెక్క గోడమీద ఉండాలి

సంఘం లెక్కల పుస్తకాన్ని, సభ్యుల జాబితాను చూసే హక్కు సభ్యుడికి 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే ఇచ్చింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. కానీ వచ్చి పుస్తకం చూపించమని అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ, అడిగితే అనుమానించినట్టవుతుందని భయం. కాబట్టి వాళ్లు అడిగేదాకా ఆగకండి. నెల జమ, ఖర్చు, నిల్వ ఒక్క కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి సామిల్లు గోడకు, హార్డ్‌వేర్ దుకాణం తలుపుకు అంటించండి. టీ ఖర్చు కూడా రాయండి. మేము మొదటి కాగితం అంటించినప్పుడు టీ ఖర్చు మీద వారం రోజులు వాదన జరిగింది. ఆ వాదనలో పాల్గొన్నవారిలో ఇద్దరి పేర్ల పక్కన అంతకు ముందు చుక్కలుండేవి.

ఆ ఇద్దరిలో గట్టిగా నిలదీసిన ఆయనకే తరవాతి మూడు నెలల రసీదులు సరిచూసే పని అప్పగించాం. నిలదీసేవాడిని దూరం పెట్టడం మన సంఘాలకు అలవాటు, కానీ అతను సంఘాన్ని తనదనుకున్నాడు కాబట్టే అడిగాడు. ఇలా ఇచ్చే పని చిన్నదై ఉండాలి, దానికి ఎప్పుడు ముగుస్తుందో హద్దు ఉండాలి: మూడు దుకాణాల్లో ప్లైవుడ్ ధర కనుక్కుని రావడం, చేయి తెగి ఆసుపత్రిలో ఉన్న సభ్యుణ్ణి చూసి రావడం, ఒక సాయంత్రం కూర్చుని నలుగురికి ఫారాలు నింపిపెట్టడం. ‘కమిటీలో ఉండండి’ అంటే తప్పించుకునే మనిషి, ‘ఈ శనివారం ఒక గంట’ అంటే వస్తాడు.

ఈ వారం అభ్యాసం

చుక్కలున్న పేర్లలో ఐదింటిని ఎంచుకోండి. ఫోను చేయకుండా వాళ్లు పనిచేసే చోటికే వెళ్లండి. సంఘం గురించి ఏమీ చెప్పకుండా, కార్డు మీద ఏ నెల ఉందని గానీ, తలుపు బిగింపునకు ఎంత తీసుకుంటున్నారని గానీ ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ ఐదు జవాబుల ఆధారంగా వచ్చే సభకు ఆరు వాక్యాలకు మించని నోటీసు రాసి, దానిని మొదట ఆ ఐదుగురికే చదివి వినిపించండి. ఎక్కడ అర్థం కాక ఆపి అడిగారో ఆ చోట గీత గీయండి. ఐదో పాఠంలో కూలి ఎగవేత ఫిర్యాదును నమోదు చేసే పద్ధతి చూస్తాం, ఆ పాఠానికి మీ గీతలున్న నోటీసు కావాలి.