ఉదయగిరి గరిటెలమ్మే సైటు గూగుల్‌లో కనపడాలంటే

ముందు సైటు గూగుల్‌కి ఎక్కిందో లేదో చూసుకోండి. సెర్చ్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైటు అడ్రస్ కొట్టండి. ఒక్క పేజీ కూడా రాలేదంటే, తయారుచేసినవాళ్లు 'నోఇండెక్స్' ట్యాగ్ (పేజీని సెర్చ్‌లో చూపొద్దని గూగుల్‌కి చెప్పే కోడ్) తీయడం మర్చిపోయారేమో అడగండి. తీయించాక సెర్చ్ కన్సోల్‌లో (సైటు ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే టూల్) సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల జాబితా ఫైలు, ఇవ్వండి.

పేజీ టైటిల్‌ని 'హోమ్' అని వదిలేయొద్దు. 'ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు - నెల్లూరు జిల్లా' అని, కొనేవాళ్లు వెతికే మాటలే పెట్టండి. ధరలు, సైజులు పోస్టర్ బొమ్మలో ఇరికించకుండా టైప్ చేయండి.

సెర్చ్‌లో, మ్యాప్‌లో మీ షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి డబ్బు కట్టక్కర్లేదు. వెరిఫికేషన్‌కి వీడియో అడిగితే వీధి, బోర్డు, షాపు లోపల అన్నీ కట్ లేకుండా ఒకేసారి తీయాలి. పేరు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. 'బెస్ట్', 'నంబర్ వన్' తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. మ్యాప్‌లో పిన్ షాపు గుమ్మం మీదే పడాలి.

జస్ట్‌డయల్, ఇండియామార్ట్, బింగ్ ప్లేసెస్... షాపు వివరాలు ఎక్కడ పెట్టినా అదే పేరు, అదే అడ్రస్, అదే నంబరు. పాత నంబరు ఒక్కచోట మిగిలినా బేరం పోతుంది.

మొదటి స్థానం గ్యారంటీ అని డబ్బడిగేవాళ్లని నమ్మొద్దు. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.