నల్లమలలో ఫైర్ లైన్ ఎక్కడ వేయాలో మ్యాపులో తేల్చుకోవడం ఎలా

ఫైర్ లైన్ అంటే మంట దాటకుండా గడ్డి, ఆకు తీసేసిన ఖాళీ పట్టీ. అడవిలో ఫిబ్రవరి నుంచే మంటలు మొదలవుతాయి, కాబట్టి ఈ పని సంక్రాంతి లోపే అయిపోవాలి. ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఉపగ్రహాలు పసిగట్టిన మంటల రికార్డు అయిన నాసా ఫర్మ్స్ ఆర్కైవ్‌లో అచ్చంపేట, మన్ననూరు, దేవరకొండ అన్నీ పడేలా పెట్టె గీసి, 2012 నుంచి వీఐఐఆర్‌ఎస్ అనే ఉపగ్రహ పరికరం చూసిన మంట చుక్కలు అడగండి, లింకు మెయిల్‌కి వస్తుంది. పొలాల్లో కుప్పలుగా చుక్కలు కనిపిస్తే కంగారు పడొద్దు, యాసంగి కోతలయ్యాక తగలబెట్టే వరి కొయ్యకాళ్లవి ఉంటాయి. అడవి హద్దుతో క్లిప్ చేయండి, అంటే హద్దు బయటి చుక్కలు కత్తిరించేయండి, కానీ ఒక కిలోమీటరు బయటికి వదలండి. ఆ కొయ్యకాళ్ల నిప్పే గట్టు దాటి లోపలికి పాకుతుంది మరి.

నేను బోల్తా పడింది ఇక్కడే. ఒక చుక్కను పట్టుకుని రెండు గంటలు ఎండలో నడిచి వెళ్తే అక్కడ ఆకు కూడా కాలలేదు, మసంతా వాగు అవతల ఉంది. చుక్క అంటే 375 మీటర్ల గడికి నడిమధ్య, అంతే. మంట ఆ గడిలో ఏ మూలనైనా ఉండొచ్చు. అందుకే చుక్కలు ఎక్కడ గుమిగూడాయో రంగుల్లో చూపే హీట్‌మ్యాప్ వేసి, ఏటేటా కాలే చోట్లు చూసుకోండి.

తర్వాత ఎస్‌ఆర్‌టీఎం అనే ఉచిత నేల ఎత్తుల డేటాతో వాలు తీయండి, మంట ఎగువకే జోరుగా పోతుంది. ముందు దూరాలు మీటర్లలో వచ్చే 32644 ప్రొజెక్షన్‌లోకి మార్చకపోతే వాలు లెక్కలన్నీ పిచ్చిగా వస్తాయి. పోయిన జనవరి చివరి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో 8ఏ, 11 బ్యాండ్ల (వేర్వేరు కాంతి పొరల) తేడాను వాటి మొత్తంతో భాగిస్తే గడ్డి, ఆకులో తేమ ఎంతుందో తెలుస్తుంది. ఆఖరిది బాటల దూరం. వీటిలో ఒక్కోదానికి మంట భయాన్ని బట్టి మార్కులు వేయాలి, దీనికి ఎక్కువ వేయండి, ఎందుకంటే మంటల్లో చాలావరకు మనిషి పెట్టినవే, ఆర్పకుండా పడేసిన బీడీ ముక్క చాలు.

ఈ మార్కులన్నీ క్యూజీఐఎస్‌లోని రాస్టర్ కాలిక్యులేటర్‌లో (మ్యాపు గడులను కూడే పనిముట్టు) కలిపేటప్పుడు పోయినేడాది చుక్కలు మాత్రం పక్కన పెట్టండి. మ్యాపు తయారయ్యాక వాటిని పైన పరిస్తే, ఎక్కువ భాగం ఎర్ర ప్రాంతంలో, అంటే మార్కులు ఎక్కువొచ్చి ఫైర్ లైన్ అవసరమైన చోట పడాలి, లేదంటే మార్కులు మార్చి మళ్లీ చేయాలి.

నాది బాగానే పడింది. అయినా ప్రింట్ తీసి చెంచు పెంటలో (చెంచుల గూడెంలో) ఒక పెద్దాయనకు చూపిస్తే, మ్యాపులో పచ్చగా, అంటే భయం తక్కువని చూపిన చోట వేలు పెట్టి "సలేశ్వరం జాతరోళ్లు పొయ్యిలు పెట్టేది ఈడనే గదా సారూ" అన్నాడు. ఆ కాలిబాట నా రోడ్ల లేయర్‌లో అసలు లేనే లేదు. ఆయన చూపించినట్టే గీసుకుని, ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి చేశాను.