విజార్డ్ ఒక్కరే ఫైట్ ముగించేస్తుంటే ఏ రూల్ మార్చాలి?

సమస్య: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ కలిసి కథ ఆడే గేమ్)లో ప్రతి ఫైట్‌నీ విజార్డే (మంత్రాలు వేసే పాత్ర) రెండు రౌండ్లలో ముగించేస్తారు, ఫైటర్ (ఆయుధంతో పోరాడే పాత్ర) ఆడేవాళ్లు డైస్ చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చుంటారు.

ఇలా జరగగానే చాలామంది డీఎంలు (ఆట నడిపేవాళ్లు) ఫైర్‌బాల్ (పేలే నిప్పు మంత్రం) డ్యామేజ్ తగ్గించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లోపం చాలాసార్లు స్పెల్‌లో (మంత్రంలో) కాదు, రెస్ట్‌లో (వాడిన శక్తులు తిరిగొచ్చే విశ్రాంతిలో) ఉంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్‌లో 2014 నాటి డీఎం గైడ్ లెక్క ఏమిటంటే, పార్టీ (ఆటగాళ్ల జట్టు) రోజుకి 6 నుంచి 8 మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు (ఫైట్ లాంటి సవాళ్లు) తట్టుకోగలదు, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు (చిన్న విశ్రాంతులు) తీసుకుంటుంది. మనమేమో ఒక ఫైట్ పెట్టి లాంగ్ రెస్ట్ (వాడిన స్పెల్స్ తిరిగొచ్చే పెద్ద విశ్రాంతి) ఇచ్చేస్తాం. రోజంతా పొదుపుగా వాడాల్సిన స్లాట్లు (స్పెల్ వేయడానికి ఉన్న పరిమిత అవకాశాలు) ఒక్క ఫైట్‌లో కుమ్మరిస్తే ఆ క్లాస్ బలంగా కనిపించక ఏం చేస్తుంది?

పరిష్కారం: షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు చేయండి. ఆ గైడ్‌లోనే ఉన్న ఆప్షన్ ఇది, రోజుకో ఫైట్ మాత్రమే వచ్చే కథలకి బాగా కుదురుతుంది. అయితే మేజ్ ఆర్మర్ (విజార్డ్‌కి రక్షణ ఇచ్చే మంత్రం) లాంటి, 8 గంటలు పనిచేసే స్పెల్స్ దీనివల్ల దెబ్బతింటాయి కాబట్టి వాటి సమయం కూడా పెంచాలి, లేకపోతే విజార్డ్‌కి అన్యాయం చేసినట్టే.

సమస్య: స్లాట్లకి బదులు స్పెల్ పాయింట్లు (ప్రతి స్పెల్‌కీ కొన్ని ఖర్చు పెట్టే ఐచ్ఛిక రూల్) పెట్టాక ఒకే స్పెల్ మళ్లీ మళ్లీ పడుతోంది.

5వ లెవెల్ విజార్డ్‌కి 27 పాయింట్లు, మూడో లెవెల్ స్పెల్‌కి 5 పాయింట్లు. అంటే స్లాట్లతో 2 ఫైర్‌బాల్స్ వేసే చోట ఇప్పుడు 5 వేయొచ్చు. 6వ లెవెల్, ఆపై స్పెల్స్‌కి లాంగ్ రెస్ట్ దాకా ఒక్కో లెవెల్‌కి ఒక్కసారే అన్న హద్దు ఆ రూల్‌లోనే ఉంది. కింది లెవెల్స్‌కీ ఏదో ఒక హద్దు పెట్టండి, నేనైతే అందుబాటులో ఉన్న అతిపెద్ద లెవెల్ స్పెల్‌కి రోజుకి మూడు చాలంటాను.

సమస్య: దాడికి వేసే 20 ముఖాల డైస్‌లో 1 పడితే ఆయుధం జారిపోయే ఫంబుల్ రూల్ పెట్టారు, ఫైటర్ విసిగిపోయారు.

11వ లెవెల్ ఫైటర్ ఒక టర్న్‌లో మూడుసార్లు కొడతారు, అందులో ఒక్కసారైనా 1 పడే అవకాశం దాదాపు 14 శాతం. ఫైర్‌బాల్ వేసే విజార్డ్ అసలు అటాక్ రోలే (దెబ్బ తగిలిందా అని చూసే డైస్) వేయరు. ఈ రూల్ తీసేయండి, అంతే.

కాన్సంట్రేషన్ (కొన్ని స్పెల్స్ నిలవాలంటే ఏకాగ్రత చెదరకూడదన్న రూల్) ఎత్తేసి ఉంటే అదీ వెంటనే తిరిగి పెట్టండి. దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్ (శరీర దృఢత్వంతో తట్టుకోవడానికి వేసే డైస్) అడగండి, డీసీ (దాటాల్సిన అంకె) 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. క్యాంపెయిన్ మధ్యలో ఇవన్నీ మారుస్తున్నారు కాబట్టి విజార్డ్ ఆడేవాళ్లకి స్పెల్స్ మళ్లీ ఎంచుకునే అవకాశం ఒకసారి ఇవ్వండి.